నాటి పౌర హక్కుల పోరాటం, నేటి ఉద్యమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి మూడో సోమవారం అమెరికాలో బడికి సెలవు. దానికి ముందు శుక్రవారం పిల్లలు మార్టిన్ లూథర్ కింగ్ బొమ్మకు రంగులేసి ఇంటికి తెస్తారు. "అమ్మా, ఈయనకీ, పోయినేడు టీవీలో నిరసన చేస్తూ రోడ్డు మీద కూర్చున్న వాళ్లకీ సంబంధం ఏంటి?" అని 2021లో మా అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి చదువుతున్నాను. మేము అట్లాంటా దగ్గర ఉంటాం కాబట్టి ఆ పోరాటాలు జరిగిన ఊళ్లు కూడా తిరిగి చూశాను. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

పౌర హక్కుల ఉద్యమం అంటే ఏ కాలం? దేనికోసం?

మామూలుగా 1954 నుంచి 1968 దాకా అని చెప్తారు. బానిసత్వం 1865లోనే రద్దయినా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారికి బడి వేరు, బస్సులో సీటు వేరు, నీళ్ల కుళాయి వేరు, ఆసుపత్రి వార్డు వేరు. "వేరుగా ఉన్నా సమానమే" అని 1896లో సుప్రీంకోర్టు దీనికి ముద్ర కూడా వేసింది. బడుల విషయంలో ఆ మాట చెల్లదని అదే కోర్టు 1954 మే 17న తీర్పు చెప్పింది. ఓటు హక్కు కాగితం మీద ఉండేది. చదువు పరీక్ష పేరుతో, ఓటు పన్ను పేరుతో, అవేవీ పనిచేయకపోతే కర్రతో దాన్ని లాక్కునేవారు. మిసిసిపీలో 1965 నాటి ఓటు హక్కు చట్టానికి ముందు, ఓటుకు అర్హులైన నల్లజాతివారిలో జాబితాకెక్కినవారు 6.7 శాతమే.

రోసా పార్క్స్ పని చేసి అలసిపోయి, బస్సులో తెల్లవాళ్ల కోసం సీట్లోంచి లేవలేదట. అక్కడి నుంచే అంతా మొదలైందా?

బడిలో పిల్లలకు చెప్పే కథ ఇదే. ఆ కథలో ఆవిడ చేసిన పని సగానికి సగం మాయమైపోతుంది.

రోసా పార్క్స్ అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో ఒక పెద్ద బట్టల దుకాణంలో కుట్టుపని చేసేవారు, నిజమే. కానీ ఆవిడ అప్పటికి పన్నెండేళ్లుగా ఎన్‌ఏఏసీపీ అనే హక్కుల సంఘంలో ఉన్నారు. ఊరి శాఖకు కార్యదర్శిగా చేశారు. అత్యాచారాలు, దాడులు జరిగినచోటికి వెళ్లి బాధితుల వాంగ్మూలాలు రాసుకొచ్చేవారు. అరెస్టుకు కొద్ది నెలల ముందు, 1955 వేసవిలో, టెనెసీలో ఉద్యమకారులకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్‌కు వెళ్లొచ్చారు. 1955 డిసెంబరు 1న ఆవిడ లేవనన్నది అలసట వల్ల కాదు. ఎప్పుడో ఒకప్పుడు తప్పదని తెలిసి ఉన్న మనిషి ఆవిడ.

ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. అదే ఊళ్లో అదే సంవత్సరం మార్చి 2న క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ల అమ్మాయి సీటు ఇవ్వనందుకు అరెస్టయింది. ఆ అమ్మాయి కేసును ముందుకు తీసుకుపోవడానికి పెద్దలు వెనకాడారు. చిన్న వయసు, పేద ఇల్లు, పైగా తర్వాత గర్భవతి అని తెలిసింది. జనం ముందు పెట్టడానికి "మచ్చ లేని మనిషి" కావాలనుకున్నారు. చివరికి బస్సుల్లో వేరుసీట్ల చట్టాన్ని కొట్టేయించిన కోర్టు కేసులో వాదుల్లో కోల్విన్ ఒకరు, రోసా పార్క్స్ లేరు. ఎవరి బాధను ముందు పెట్టాలి, ఎవరిది పక్కన పెట్టాలి అనే తగువు ఇవాళ్టి ఉద్యమాల్లోనే పుట్టిందని అనుకోవద్దు.

అప్పుడు ఫోన్లు, వాట్సాప్ లేవు. అంతమందిని ఎలా కూడగట్టారు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. కొంచెం వివరంగా చెప్తాను.

రోసా పార్క్స్ అరెస్టయింది గురువారం సాయంత్రం. ఆ రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ అధ్యాపకురాలు తను పనిచేసే అలబామా స్టేట్ కాలేజీకి వెళ్లారు. తోడుగా ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు. కాలేజీలో సైక్లోస్టైల్ మిషన్ ఉంది. తెల్లవార్లూ కరపత్రాలు తీశారు. ఒక్కో కాగితం మీద ఒకే విషయం మూడుసార్లు వచ్చేలా టైపు చేసి, తర్వాత ముక్కలుగా కోసి, కట్టలు కట్టారు. ముప్పై వేలకు పైగా కరపత్రాలు. సోమవారం బస్సెక్కవద్దు, అంతే విషయం. శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల క్లాసు చెప్పి, వెంటనే కారులో ఊరంతా తిరిగి పంచారు. కట్టలు అందుకోవడానికి ప్రతి బడి దగ్గరా, బ్యూటీ పార్లర్ దగ్గరా, దుకాణం దగ్గరా మనుషులు సిద్ధంగా ఉన్నారు.

వాళ్లు ఆ ఒక్క రాత్రిలో పుట్టుకొచ్చినవాళ్లు కాదు. రాబిన్సన్ నడిపిన మహిళా రాజకీయ మండలి అప్పటికే ఏళ్లుగా పనిచేస్తోంది. 1949లో దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందు కూర్చుందని డ్రైవర్ ఆవిడ మీద అరిచి దింపేశాడు. ఆ అవమానం ఆవిడ మరిచిపోలేదు. 1954 మేలోనే మేయర్‌కు ఉత్తరం రాశారు, పద్ధతి మారకపోతే బస్సుల బహిష్కారం తప్పదని. అంటే కరపత్రం ఒక రాత్రిది, దాని వెనక ఏర్పాటు ఏళ్ల నాటిది.

సోమవారం బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఒక్కరోజు అనుకున్నది 381 రోజులు సాగింది. అన్ని రోజులు జనం పనికి ఎలా వెళ్లారు? మొదట నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు టికెట్ ధరకే, పది సెంట్లకే ఎక్కించుకున్నారు. అధికారులు దాన్ని అడ్డుకున్నారు. దాంతో సొంత కార్లు ఉన్నవాళ్లు ముందుకొచ్చారు. సుమారు 300 కార్లు, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, వేళలు అన్నీ రాసి పెట్టుకున్నారు. కార్ల బీమా రద్దు చేయిస్తే లండన్ నుంచి బీమా తెచ్చుకున్నారు. పెట్రోలుకు డబ్బు కావాలి కదా. అక్కడికి జార్జియా గిల్మోర్ వస్తారు.

ఆవిడ ఒక హోటల్లో వంటమనిషి. తోటి ఆడవాళ్లను కూడగట్టి కేకులు, చిలగడదుంప పై, వేయించిన కోడి శాండ్‌విచ్‌లు చేసి అమ్మించేవారు. తెల్లవారి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు పేరు బయటపడితే పని పోతుంది. అందుకే ఆ జట్టుకు "ఎక్కడిదీ కాని క్లబ్బు" అని పేరు. డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ఎక్కడిదీ కాదని నిజమే చెప్పొచ్చు. వారం వారం చర్చిలో సభ జరిగినప్పుడు గిల్మోర్ లేచి ఈసారి ఇంత వచ్చిందని లెక్క చెప్పేవారు, సభ చప్పట్లతో మోగిపోయేది. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ ఉద్యోగం పోయింది. తర్వాత తన ఇంట్లోనే పొయ్యి వెలిగించి భోజనాలు పెట్టారు. కింగ్ కూడా ఆ ఇంట్లో తిన్నవారే.

కింగ్ వయసు అప్పుడు 26. ఊరికి కొత్త. ఎవరితోనూ పాత గొడవలు లేవు కాబట్టి బహిష్కారాన్ని నడిపే సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకోవడం తేలికైంది. ఉద్యమం కింగ్‌ను తయారు చేసింది. మనకు తెలిసిన కథ మాత్రం తలకిందులుగా నడుస్తుంది.

నేటి ఉద్యమం అంటే మీరు దేని గురించి మాట్లాడుతున్నారు?

ముఖ్యంగా బ్లాక్ లైవ్స్ మేటర్ గురించి. ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల కుర్రాణ్ణి కాల్చి చంపిన వ్యక్తిని 2013 జులైలో కోర్టు వదిలేసింది. అప్పుడు అలీషియా గార్జా, పాట్రిస్ కల్లర్స్, ఓపల్ టొమెటి అనే ముగ్గురు మహిళలు ఈ మాటను హ్యాష్‌ట్యాగ్‌గా మొదలుపెట్టారు. 2014 ఆగస్టులో ఫెర్గూసన్ అనే ఊళ్లో పోలీసు కాల్పుల్లో మైకేల్ బ్రౌన్ చనిపోయాక అది వీధిలోకి వచ్చింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి తొమ్మిదిన్నర నిమిషాలు మోకాలు పెట్టి చంపాక ప్రపంచమంతా చూసింది. ఆ జూన్‌లో జరిగిన సర్వేలను బట్టి, ఒకటిన్నర కోటి నుంచి రెండున్నర కోట్ల మంది దాకా అమెరికాలో ఏదో ఒక నిరసనలో పాల్గొన్నారని అంచనా.

సోషల్ మీడియా వచ్చాక ఉద్యమం చేయడం తేలికైంది కదా?

జనాన్ని పోగు చేయడం తేలికైంది. ఉద్యమం చేయడం తేలిక కాలేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా నిరాశ వస్తోంది.

మన పెళ్లిళ్లు గుర్తు తెచ్చుకోండి. వెయ్యి విస్తళ్లు లేచాయంటే ఒకప్పుడు దాని అర్థం వేరు. గాడిపొయ్యి తవ్వినవాళ్లు, కూరలు తరిగినవాళ్లు, అరువు గిన్నెలు తెచ్చినవాళ్లు, వడ్డనకు నిలబడ్డవాళ్లు, ఊరు ఊరంతా ఆ ఇంటి వెనక ఉందని అర్థం. ఇవాళ ఒక్క ఫోన్ చేస్తే వెయ్యి మందికి క్యాటరింగ్ వస్తుంది. భోజనం భోజనమే, ఎవరి కడుపూ మాడదు. కానీ రేపు ఆ ఇంటికి కష్టమొస్తే వచ్చే చేతులెన్ని అన్నది విస్తళ్ల లెక్కలో తెలియదు.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది కూడారు. బేయార్డ్ రస్టిన్ అనే ఉద్యమకారుడు దాన్ని రెండు నెలల్లో ఏర్పాటు చేశారు. రైళ్లు, బస్సులు, తాగునీరు, మరుగుదొడ్లు, వైద్యులు, న్యూయార్క్‌లో ఒక చర్చిలో కూర్చుని స్వచ్ఛంద కార్యకర్తలు కట్టిన 80,000 భోజనం పొట్లాలు. రెండు నెలలు అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ ఊరేగింపు ఆలోచన ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ది, 1941 నాటిది. రైళ్లలో పనిచేసే నల్లజాతి పోర్టర్ల యూనియన్ కట్టిన మనిషి ఆయన. రక్షణ పరిశ్రమల్లో నల్లజాతివారిని పనిలోకి తీసుకోకపోతే లక్ష మందితో రాజధానికి వస్తానన్నారు. ఊరేగింపు జరగకుండానే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు జారీ చేశారు. వెనక యూనియన్ ఉందని ఆయనకు తెలుసు కాబట్టే ఆ బెదిరింపు పనిచేసింది.

2020లో జనం ముందు వచ్చారు. సంఘం కట్టడం తర్వాత మొదలైంది. కొన్నిచోట్ల మొదలవకుండానే జనం ఇళ్లకు వెళ్లారు. ఇందులో యువత తప్పేమీ లేదు. 1955 నాటి మాంట్‌గోమరీలో చర్చిలు, కాలేజీ, యూనియన్, మహిళా మండలి, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి, మనుషులు వారానికి రెండు సార్లు కలిసేవారు. ఇవాళ మనం పక్కింటివాళ్ల పేరు తెలియకుండా పదేళ్లు బతికేస్తున్నాం. సంఘం కట్టడానికి కావలసిన మట్టే తగ్గిపోయింది.

అప్పుడు కింగ్ ఉన్నాడు. ఇప్పుడు అలాంటి నాయకుడు ఎవరూ లేరే?

అప్పుడు కూడా ఒక్క కింగే లేడు. ఎల్లా బేకర్ అనే పెద్దావిడ 1960 ఏప్రిల్‌లో విద్యార్థులందరినీ ఒకచోట చేర్చి, మీరు ఏ పెద్ద సంఘానికీ తోకగా ఉండొద్దని ప్రోత్సహించారు. అలా పుట్టిందే స్నిక్ అనే విద్యార్థి సంఘం. ఒక్క మనిషిని నమ్ముకున్న ఉద్యమం ఆ మనిషితోనే పోతుందని ఆవిడ పట్టుదల. స్నిక్ కుర్రాళ్లు మిసిసిపీ పల్లెల్లోకి వెళ్లి, పత్తి చేలల్లో కూలి చేసే ఫ్యానీ లూ హేమర్ లాంటి వాళ్లను కలిశారు. ఓటు నమోదుకు 1962లో ఆవిడ వెళ్లొచ్చిన రోజే భూస్వామి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. మరుసటి ఏడు జైల్లో పెట్టి చితక్కొట్టారు. 1964లో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ఆవిడ చెప్పిన సాక్ష్యం దేశమంతా టీవీలో చూసింది.

కాబట్టి బ్లాక్ లైవ్స్ మేటర్ వాళ్లు ఒకే నాయకుడు వద్దనుకోవడం ఎల్లా బేకర్ దారే. ఒక్క తేడా. బేకర్ దారిలో నాయకుడు లేకపోయినా నిర్ణయం ఎవరు తీసుకుంటారు, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అనేదానికి కూర్చుని మాట్లాడుకునే చోటు ఉంది. 2020లో బ్లాక్ లైవ్స్ మేటర్ పేరు మీద ఉన్న జాతీయ ఫౌండేషన్‌కు సుమారు 9 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. లెక్కలు సరిగ్గా చెప్పడం లేదని ఊళ్లలోని శాఖలే బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు జార్జియా గిల్మోర్ సభలో నిలబడి డాలర్లు, సెంట్లతో సహా చెప్పడం గుర్తొచ్చింది. వీధిలో వాన, ఎండ భరించినవాళ్లకు ఆ మాత్రం లెక్క చెప్పి తీరాలి.

అప్పటివాళ్లది శాంతియుత పోరాటం, ఇప్పటివాళ్లది విధ్వంసం. కాదంటారా?

కాదంటాను. రెండు వైపులా ఆ మాట తప్పు.

2020 నిరసనల్లో 90 శాతానికి పైగా ఏ హింసా లేకుండా జరిగాయి. మిగతావాటిలో దుకాణాలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి, నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. కష్టపడి పెట్టుకున్న చిన్న దుకాణం బూడిదైన మనిషికి శాతాలు చెప్పి ఓదార్చలేం. అది నిజంగా అన్యాయమే. కానీ 60ల్లోనూ అవి జరిగాయి. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో 34 మంది చనిపోయారు. 1968 ఏప్రిల్ 4న కింగ్‌ను చంపిన తర్వాత వందకు పైగా ఊళ్లు భగ్గుమన్నాయి.

నిజమైన తేడా తర్ఫీదులో ఉంది. నాష్‌విల్‌లో జేమ్స్ లాసన్ అనే యువ మతబోధకుడు విద్యార్థులకు వారం వారం తరగతులు పెట్టేవారు. కొందరు నల్లజాతివారికి చోటివ్వని హోటల్ కౌంటర్ దగ్గర కూర్చున్నట్టు నటించాలి. మిగతావాళ్లు వాళ్లను తిట్టాలి, తోయాలి, ముఖం మీద సిగరెట్ పొగ వదలాలి. చేయి లేచినా, నోరు జారినా మళ్లీ మొదటి నుంచి. కింద పడితే తల ఎలా కాపాడుకోవాలో, పక్కవాడి మీద దెబ్బ పడుతుంటే మధ్యలోకి ఎలా వెళ్లాలో కూడా నేర్పారు. అహింస అంటే మంచితనం అనుకుంటాం. వాళ్లకది సాధన. ఇవాళ ఫోన్లో కబురు చూసి సాయంత్రం ఆరుకి కూడలికి వచ్చిన మనిషికి అంత సాధన ఎక్కడిది?

అప్పట్లో దేశమంతా కింగ్ వైపే ఉందా?

లేదు. వాషింగ్టన్ ఊరేగింపుకు ముందు గాలప్ సర్వేలో దాని గురించి విన్నవాళ్లలో అత్యధికులు వ్యతిరేకించారు. 1966లో కింగ్ అంటే ఇష్టం లేదన్నవారు 63 శాతం. ఇవాళ అందరూ దండ వేసే బొమ్మ అది. "పద్ధతి బాగాలేదు, తొందరెక్కువ, ట్రాఫిక్ ఆపుతున్నారు" అని 2020లో మన ఇళ్లల్లో వినిపించిన మాటలన్నీ అప్పుడు ఆయన్ని అన్నవే.

సెల్‌ఫోన్ వీడియో ఈ కాలపు ఆయుధం కదా. అప్పుడేముంది?

ఒక తల్లి ధైర్యం ఉంది. 1955 ఆగస్టు 28న మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల పిల్లాణ్ణి గుర్తుపట్టలేనంతగా కొట్టి చంపి నదిలో పడేశారు. షికాగోలో తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచి ఉంచమన్నారు. నా బిడ్డకు ఏం చేశారో అందరూ చూడాలన్నారు. వేలమంది వరుసలో నిలబడి చూశారు. జెట్ అనే నల్లజాతి పత్రిక ఆ ఫోటో వేసింది. 2020లో ఫ్లాయిడ్ వీడియో తీసింది డార్నెల్లా ఫ్రేజియర్ అనే 17 ఏళ్ల అమ్మాయి. ఫోన్ పట్టుకుని, కదలకుండా, చివరిదాకా తీసింది. పోలీసుల మొదటి ప్రకటనలో అది వైద్య కారణంతో జరిగిన మరణం అన్నట్టు రాశారు. ఆ వీడియో లేకపోతే అదే మిగిలేది. 2021లో పులిట్జర్ సంస్థ ఆ అమ్మాయికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది.

ఎమెట్ టిల్‌ను చంపినవాళ్లను జ్యూరీ గంటకు కాస్త పైగా కూర్చుని వదిలేసింది. ఫ్లాయిడ్‌ను చంపిన అధికారికి ఇరవై రెండున్నర ఏళ్ల శిక్ష పడింది. మూకహత్యను సమాఖ్య నేరంగా ప్రకటించిన చట్టం ఎమెట్ టిల్ పేరుతో వచ్చింది, 2022 మార్చిలో. పిల్లవాడు పోయిన 67వ ఏట.

నిఘా సంగతి?

అప్పుడూ ఉంది. 1963లో కింగ్ ఫోన్లు వినడానికి ఎఫ్‌బీఐకి అనుమతి ఇచ్చింది అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీయే. కింగ్‌ను ఆత్మహత్య వైపు నెట్టేలా ఊరూపేరూ లేని ఉత్తరం కూడా పంపారు. అప్పుడు ఒక మనిషి మీద కన్నేయాలంటే మనుషుల్ని పెట్టాలి. ఇప్పుడు మన ఫోన్ మన జేబులోనే ఉండి చెప్పేస్తుంది.

మరి ఏది ఎక్కువ సాధించింది?

చట్టాల లెక్క చూస్తే పాతదే. 1964 జులై 2న పౌర హక్కుల చట్టం, 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం, 1968లో ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించిన చట్టం. ఓటు చట్టం వచ్చిన రెండేళ్లలో మిసిసిపీలో ఆ 6.7 శాతం దాదాపు 60కి చేరింది. ఫ్లాయిడ్ పేరిట పోలీసు సంస్కరణ బిల్లు ప్రతినిధుల సభలో రెండుసార్లు గెలిచి సెనేట్‌లో ఆగిపోయింది. మినియాపొలిస్‌లోనే పోలీసు శాఖ స్థానంలో కొత్త శాఖ పెట్టాలన్న ప్రతిపాదన 2021 నవంబరులో ఓడిపోయింది.

కానీ కిందకు దిగి చూస్తే బొమ్మ మారుతుంది. తలుపు తట్టకుండా ఇంట్లోకి చొరబడే వారెంట్లను లూయిస్‌విల్ నగరం నిషేధించింది. పోలీసుల మీద రాష్ట్ర కోర్టుల్లో దావా వేసే దారిని కొలరాడో తెరిచింది. మిసిసిపీ 2020 జూన్‌లో తన జెండా మీంచి బానిసత్వం కోసం పోరాడిన పక్షం గుర్తును తీసేసింది. అలాంటిది జరుగుతుందని పది ఏళ్ల ముందు ఎవరూ అనుకోలేదు. పైగా పాత గెలుపు కూడా పదిలంగా లేదు. ఓటు చట్టంలో కీలకమైన భాగాన్ని సుప్రీంకోర్టు 2013లో పనికిరాకుండా చేసింది. ఒక్కసారి గెలిస్తే సరిపోతుందనుకుంటే ఆ తీర్పు చదవాలి.

ఈ ఉద్యమానికీ మన దేశానికీ నిజంగా సంబంధం ఉందా, లేక మనమే గాంధీ పేరు చెప్పుకుంటున్నామా?

ఉంది. పైన చెప్పిన జేమ్స్ లాసన్ మూడేళ్లు నాగ్‌పూర్‌లో ఉన్నారు. గాంధీ పద్ధతిని అక్కడ చదువుకుని వెళ్లి నాష్‌విల్‌లో నేర్పారు. కింగ్ దంపతులు 1959లో నెల రోజులు మన దేశం తిరిగారు. కేరళలో ఒక బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని "అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరాని మనిషి" అని పిల్లలకు పరిచయం చేశారు. ముందు ఉలిక్కిపడ్డాననీ, తర్వాత ఆలోచిస్తే అది నిజమే అనిపించిందనీ కింగ్ తర్వాత చెప్పుకున్నారు.

దానికి చాలా ముందే, 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపం కాపీ పంపమని అడిగారు. 1964 మేలో రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీలోని జాక్సన్‌లో తెల్లవారికి మాత్రమే అన్న హోటల్లోకి వెళ్లబోయి అరెస్టయ్యారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పేరే ఓక్లాండ్‌లోని బ్లాక్ పాంథర్స్ అనే నల్లజాతి సంఘం నుంచి వచ్చింది. అంటే రాకపోకలు రెండువైపులా జరిగాయి. గాంధీ పేరు ఒక్కటే చెప్పి అంబేడ్కర్ ఉత్తరాన్ని వదిలేస్తే సగం కథ చెప్పినట్టే.

మేం తెలుగువాళ్లం, చదువుకుని ఉద్యోగాలకు వచ్చాం. నల్లజాతివాళ్ల గొడవతో మాకేం పని?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కొందరు మొహమాటంగా, కొందరు నేరుగా. నేనూ నేరుగానే చెప్తాను.

భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం అడిగితే "నువ్వు తెల్లవాడివి కావు" అని సుప్రీంకోర్టు 1923లో తోసిపుచ్చింది. దాదాపు ఆ రోజుల్లోనే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. అంత శాస్త్రవేత్త, 1946 దాకా కోరుకున్నా ఈ దేశ పౌరుడు కాగలిగేవారు కాదు. 1946లో మారిన చట్టం కూడా భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. దేశం, రంగు చూసి మనుషుల్ని ఆపే ఆ పద్ధతిని తీసేసిన వలస చట్టం మీద 1965 అక్టోబరు 3న సంతకం పడింది. ఓటు హక్కు చట్టం తర్వాత రెండు నెలలకు, అదే అధ్యక్షుడు, అదే కాంగ్రెస్. ఓటు హక్కు కోసం నడిచి అలబామాలోని సెల్మాలో దెబ్బలు తిన్నవాళ్లు తెరిచిన తలుపులోంచే మనం సూట్‌కేసులతో లోపలికి వచ్చాం. మనకు ఇల్లు అద్దెకు ఇవ్వను అనే వీలు ఓనరుకు లేకుండా చేసింది కూడా 1968 చట్టమే.

ఇది పాత రుణం మాత్రమే కాదు. 2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కర్నూలు జిల్లా విద్యార్థినిని పోలీసు కారు ఢీకొట్టి చంపింది. ఆ అమ్మాయి ప్రాణానికి విలువ పెద్దగా లేదన్నట్టు ఒక అధికారి ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు మనందరం ఎందుకు వినగలిగాం? అతని ఒంటి మీద కెమెరా ఉంది కాబట్టి. పోలీసుల ఒంటి మీద కెమెరాలు దేశమంతటా వేగంగా వచ్చింది ఫెర్గూసన్ నిరసనల తర్వాతే.

ఇంకో మాట. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభలో గెలిచినా అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. అప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద వాదనే నడిచింది. నా అభిప్రాయం దాచుకోను. రంగు చూసి ఆపకూడదన్న చట్టంతో లోపలికి వచ్చినవాళ్లం, కులం చూసి ఆపకూడదంటే మనసు కష్టపెట్టుకోకూడదు.

మా అబ్బాయి ర్యాలీకి వెళ్తానంటున్నాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

శాంతియుతంగా కూడే హక్కు పౌరులు కానివారికి కూడా ఉంది. కానీ అరెస్టు అయితే కేసు కొట్టేసినా వీసా దగ్గర చిక్కు రావచ్చు. 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేశారు కూడా. వెళ్లే ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును కాకుండా, ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగమనండి. లాయర్ నంబరు ఫోన్లో కాదు, చేతి మీద పెన్నుతో రాసుకోమనండి. వీధిలోకి వెళ్లలేకపోతే చేసే పని చాలా ఉంది. ఓటు నమోదు శిబిరాల్లో బల్లలు వేయడం, భోజనం పొట్లాలు కట్టడం, మీటింగుకు వచ్చినవాళ్ల పిల్లల్ని చూసుకోవడం. మాంట్‌గోమరీ 381 రోజులు నిలబడింది ఎక్కువగా ఈ పనుల మీదే.

పిల్లలకు చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?

అట్లాంటా నుంచి మాంట్‌గోమరీ రెండున్నర గంటల ప్రయాణం. అలబామాలోకి వెళ్లగానే గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరితే ఒక రోజు చాలు. రోసా పార్క్స్ మ్యూజియం, కింగ్ పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి దగ్గర దగ్గరగానే ఉంటాయి. మూకహత్యల్లో పోయినవారి కోసం 2018లో కట్టిన స్మారకం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఒక్కో కౌంటీకి ఒక్కో ఇనుప దిమ్మె, వాటి మీద పేర్లు. మరీ చిన్నపిల్లలతో అక్కడికి వెళ్లకపోవడమే మంచిది. మేము పదేళ్లు నిండాక తీసుకెళ్లాం.

అక్కడి నుంచి సెల్మా యాభై మైళ్లు. ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీద నడవనివ్వండి. ఆ వంతెనకు ఇప్పటికీ బానిసత్వం కోసం పోరాడిన సేనాని పేరే ఉంది. మధ్యలో బాగా ఎత్తుగా ఉంటుంది, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపించదు. 1965 మార్చి 7న జాన్ లూయిస్ అనే యువ ఉద్యమకారుడు, వెనక ఆరు వందల మంది, నడి వంతెన దాకా ఎక్కాకే అవతల లాఠీలతో, గుర్రాల మీద బారులు తీరిన పోలీసులు కనబడ్డారు. మా అమ్మాయి సరిగ్గా ఆ ఎత్తు దగ్గర ఆగి, "ఇక్కడి దాకా వచ్చి చూశాక కూడా దిగారా అమ్మా?" అంది. దిగారు అని చెప్పాను. మిగతా సగం ఇద్దరం మాట్లాడుకోకుండా నడిచాం.